కార్యదర్శి గారి నాలుక

ఫిబ్రవరి 3

ఈ రోజు నుంచి డైరీ. చరిత్ర రాసేవాడి దగ్గర తన చరిత్ర కూడా రాసి ఉండాలని మొన్న చదివిన కరపత్రంలో ఉంది. ఎనిమిది పేజీల కరపత్రం. నా దగ్గర ఆరే ఉన్నాయి. ఎందుకుండాలో మిగతా రెండింటిలో చెప్పి ఉంటారు.

పొద్దున ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంటే యజమాని పిలిచాడు. "బీరు ఫ్యాక్టరీకి జూన్ పదికి వందేళ్ళట. ఊళ్ళో బీరు ఎప్పుడొచ్చింది, ఎవరు తాగారు, ఎలా తాగారు, అంతా పుస్తకం వేస్తారట. ఈ ప్రెస్సులో చదివే అలవాటున్నవాడివి నువ్వొక్కడివే. రాస్తావా?"

మద్యనిషేధ యువజన సంఘం కార్యదర్శిని పట్టుకుని ఆ మాట! నెత్తురు మరిగింది. బల్ల మీద గుద్దాను. ఎర్ర సిరా సీసా దొర్లి ఎవరిదో శుభలేఖ ప్రూఫంతా రణరంగమైంది.

"సరే, ఇంకొకళ్ళకి ఇస్తాలే" అన్నాడు యజమాని.

వెంటనే రాస్తానన్నాను. శత్రువు కోట తలుపు తెరిచి లోపలికి రమ్మంటే వెళ్ళనివాడు వీరుడెలా అవుతాడు? పైకి వాళ్ళ పుస్తకం. లోపల నా బాంబు. శీర్షిక కూడా తట్టింది: నురుగు కింద నెత్తురు.

నాన్న అక్కడే పని చేస్తాడన్నది వేరే సంగతి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన రుచి మేస్త్రి. తొట్టిలో బీరు సీసాల్లోకి దిగేముందు ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేసి, పనికొస్తుందో లేదో చెబుతాడు. ఆయన మాట అయ్యాకే కుళాయి తిప్పుతారు. సంఘం సభ్యత్వ పత్రంలో 'తండ్రి వృత్తి' అన్న చోట 'నాణ్యతా పరిశీలన' అని రాశాను. అబద్ధం కాదు.

ఫిబ్రవరి 4

అధ్యక్షుడికి చెప్పాను. ఆయన మందుల షాపులో పని చేస్తాడు. "దూరు. లోపల్నించి కూల్చు" అన్నాడు. కోశాధికారి కూడా ఒప్పుకున్నాడు. కోశాధికారి అధ్యక్షుడి బావమరిది, ఏదైనా ఒప్పుకుంటాడు. నాతో కలిపి సంఘంలో ముగ్గురమే. విప్లవాలన్నీ కొద్దిమందితోనే మొదలయ్యాయి.

ఫిబ్రవరి 11

స్టేషను ఎదురుగా ఉన్న బీరు కొట్టులో యాభై ఏళ్ళు గ్లాసులు కడిగిన ముసలాయన దొరికాడు. అందరూ గ్లాసుల తాత అంటారు. ఇప్పుడు కడగడం లేదు, అదే కొట్టులో కూర్చుని కడిగేవాళ్ళకి వంకలు పెడుతుంటాడు.

"మొదట్లో ఈ ఊళ్ళో నీళ్ళు తాగితే చచ్చేవాళ్ళు బాబూ. వంతెన కట్టడానికొచ్చిన కూలీలు వాంతులై పోతుంటే, కాంట్రాక్టరు బార్లీ కాచి, పులియబెట్టి పోశాడు. కాచిన నీళ్ళు కదా, బతికారు."

"లాభం కోసం పోశాడన్నమాట!"

"లాభం కోసమే. బతికింది మాత్రం కూలీలు."

నోట్సులో 'లాభం కోసం' అని రాసుకున్నాను. మిగతాది స్థలాభావం వల్ల వదిలేశాను.

ఆడవాళ్ళకి కొట్టు వెనక ఒక కిటికీ ఉండేదట. చెంబు పెడితే నింపి ఇచ్చేవారట. "మా ఆయనకి అనేవాళ్ళు బాబూ, ప్రతి ఆవిడా. ఆయన పోయి పదేళ్ళయినావిడ కూడా మా ఆయనకే అనేది. మేమూ, ఆయనకి మా నమస్కారం చెప్పమ్మా అనేవాళ్ళం."

ఇంకో కట్టుబాటు. ఎవడి గ్లాసులో వాడు పోసుకోకూడదు, పక్కవాడే పోయాలి. పక్కన ఎవరూ లేకపోతే ఎవరో ఒకరు వచ్చేదాకా కూర్చోవాలి. ఒకసారి ఇద్దరు జగడమాడుకున్న అన్నదమ్ములు నాలుగేళ్ళు ఒకరికొకరు మాట్లాడకుండానే పోసుకున్నారట.

ఒక ఏడాది బీరు ధర పెంచితే మిల్లు కార్మికులు నలభై రోజులు కొట్టు గడప తొక్కలేదట. నేను లేచి నిలబడ్డాను. నలభై రోజుల సంపూర్ణ మద్యనిషేధం! మన సంఘం గోడల మీద రాయాల్సిన ముచ్చట!

"మరి ఆ నలభై రోజులూ ఏం తాగారు తాతా?"

"ఇళ్ళలో కాచుకున్నారు."

కూర్చున్నాను.

"సమ్మె సంగతులు మాట్లాడుకున్నదీ ఈ కొట్టు మేడ మీదేలే. అద్దె లేకుండా ఇచ్చేవాళ్ళం. మీ సంఘం పుట్టిందీ అక్కడే."

"ఏ సంఘం?"

"అదే, తాగొద్దనేది. మొదటి మీటింగు మేడ మీదే పెట్టారు. దాహమైతే కిందికి దిగేవాళ్ళు."

"నీళ్ళకి!"

"నీళ్ళకే అనుకో."

ఈ భాగం ఈ డైరీలోనే ఉంటుంది.

ఫిబ్రవరి 20

ఫ్యాక్టరీలో రుచి గదికి వెళ్ళాను. చిన్న గది, పొడవాటి బల్ల, ఉమ్మడానికి రాగి పాత్ర, బీరువా నిండా వందేళ్ళ రిజిస్టర్లు. నాన్న బల్ల దగ్గర, మూల కుర్చీలో కొత్త గుమాస్తా. గుమాస్తా ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. నవ్వినా ఏడ్చినా తెలియదు. రుచి మేస్త్రి ఏ మాట అంటే ఆ మాట రిజిస్టరులో రాసి, గంట కొట్టడం అతని పని.

రిజిస్టర్లు తెరిస్తే మతి పోయింది. బీరులో ఏ లోపముంటే దానికో పేరు. నాన్న ముందున్న ముగ్గురు మేస్త్రీలూ, నాన్నా పుట్టించిన పేర్లు. పీపా లోపల చెమ్మ పట్టిన వాసనొస్తే 'తడి గోడ'. నురుగు నిలవకపోతే 'అలిగింది'. తీపి నోట్లోంచి ఎంతకీ పోకపోతే 'చుట్టం'. చేదు మరీ పైనెక్కి కూర్చుంటే 'మామగారు'. ఒక చోట 'చుట్టంతో పాటు మామగారు కూడా' అని ఉంది. ఆ తొట్టిని పారబోశారు. 'మడిచిన గొడుగు', 'బడి పలక', 'దేని మీదో కోపం' ఇలా అరవై దాకా లెక్కపెట్టాను.

బాగున్నదానికి మాత్రం ఒకే మాట. పోనీ. అంటే సీసాల్లోకి పోనివ్వమని. వందేళ్ళ పాటు ఈ ఊరు తాగిన మంచి బీరంతా ఆ రెండక్షరాల మీదే బయటికి నడిచింది.

శ్రమజీవుల భాష! కానీ విషానికి వాడారు. ఈ వాక్యం పుస్తకంలో వాడాలి.

మార్చి 1

ఘోరం. ప్రూఫులు దిద్దే కన్ను కాబట్టి పట్టుబడింది. రెండేళ్ళ క్రితం దాకా నాన్న చెప్పిన మాటల్లో తడి గోడలు, గొడుగులు, పలకలు నిండుగా ఉన్నాయి. తర్వాత ఒక్కటి కూడా లేదు. 'పోనీ' లేదా 'వద్దు'. రెండేళ్ళుగా అంతే.

ఎవరో నాన్న నోరు కొనేశారు.

మార్చి 2

ఇంట్లో భోజనాల దగ్గర నిలదీశాను. "నాన్నా, నిజం చెప్పు. పుచ్చుకుంటున్నావా?"

"దేన్నిరా? బీరునా, లంచాన్నా?"

"రెండూ!"

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిది మింగలేదు, రెండోది చూడలేదు." నాన్న చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఒరేయ్, నాకు వాసన పోయింది. రెండేళ్ళ క్రితం ఆ జ్వరంతో పోయిందిరా. ముక్కు ఉంది, అంతే. వాసన పోయాక రుచీ పోయినట్టే."

నాకు మాట రాలేదు. అమ్మకి వచ్చింది.

"రెండేళ్ళుగానా? అయితే రెండేళ్ళుగా నా వంటకి వంక పెట్టంది అందుకా? నా చెయ్యి తిరిగిందనుకుని నేను అక్కకి ఉత్తరం కూడా రాశాను!"

"బాగుంటుందనే నమ్మకంతో తిన్నానే."

"మొన్న పప్పు మాడిపోతే ఇంకొంచెం వెయ్యమన్నారు!"

అమ్మ అన్నం గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాన్న నెమ్మదిగా మిగతాది చెప్పాడు. ఇన్నాళ్ళూ పీపాల మేస్త్రి తనకన్నా ముందు ఒక గుక్క తాగేవాడట. అతని ముఖం తెరిచిన పుస్తకం. అది చూసి నాన్న పోనీ అనో వద్దు అనో అనేవాడు. ఒక్కసారి తప్పు రాలేదు. పోయిన నెల అతను పని మానేశాడు. మిగిలింది గుమాస్తా, ఆ సున్నం గోడ ముఖం.

"జూన్ పదికి నేను దిగిపోతాను. నాలుగు నెలలు కూడా లేదు. ఇప్పుడు బయటపడితే ముప్ఫై ఒక్క ఏళ్ళ మాటా అబద్ధమే అంటారురా. నువ్వు పుస్తకం పని మీద ఆ గదిలో కూర్చుంటున్నావు. ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మెయ్యి. నీ ముఖం నేను చూసుకుంటాను. నీ ముఖంలో ఏదీ దాగదు."

సత్యానికి సమాధి కట్టే పనిలో నేను రాళ్ళు మోయనని చెప్పి లేచి వచ్చేశాను. ఒక పక్క ప్రజలు, ఒక పక్క తండ్రి. నేను ప్రజల పక్షం. ఎప్పటికీ!

మార్చి 3

నాన్న అన్నం తినలేదు.

మార్చి 4

ఇవాళా తినలేదు. అమ్మ వడ్డించలేదు కూడా.

మార్చి 5

నిఘంటువు చూశాను. తాగుట: ద్రవ పదార్థమును గొంతు ద్వారా లోనికి పుచ్చుకొనుట. గొంతు ద్వారా అని స్పష్టంగా ఉంది. నోటి గురించి ఏమీ లేదు.

మార్చి 8

మొదటిసారి. నాలుగో తొట్టి. నోట్లో పోసుకున్నాను. ఉమ్మాను. ఛీ! ఈ కషాయం కోసమా మనుషులు ఇళ్ళు గుల్ల చేసుకునేది? నాన్న నా ముఖం చూసి "వద్దు" అన్నాడు. గుమాస్తా గంట కొట్టాడు. తొట్టిని కాలవలోకి వదిలేశారు.

మార్చి 22

మహత్తర విజయం! ఊళ్ళో బీరు దొరకడం లేదు. కొట్ల ముందు 'లేదు' అని అట్టలు వేలాడుతున్నాయి. స్టేషను కొట్టులో జనం గ్లాసులు ముందు పెట్టుకుని ఉత్తినే కూర్చున్నారు. మనం పంచిన రెండొందల కరపత్రాల ప్రభావమని అధ్యక్షుడు ప్రకటించాడు. కోశాధికారి ఒప్పుకున్నాడు. నేను చప్పట్లు కొట్టాను. చప్పట్ల మధ్యలో నాలుగో తొట్టి గుర్తొచ్చింది.

సాయంత్రం నాన్న నన్ను వీధి చివరికి తీసుకెళ్ళాడు.

"ఒరేయ్, ఆరు తొట్లు కాలవపాలయ్యాయి. ఈ ఫ్యాక్టరీ చరిత్రలో లేదు. ఆరూ చెడ్డవేనా?"

"అన్నీ ఘోరం నాన్నా! ఒకదాన్ని మించి ఒకటి!"

"ఘోరమంటే ఎలా?"

"చేదు!"

నాన్న కరెంటు స్తంభానికి ఆనుకున్నాడు.

"బీరు చేదుగానే ఉంటుందిరా."

మార్చి 23

అధ్యక్షుడు విజయోత్సవ సభ పెడదామంటున్నాడు. జ్వరంగా ఉందని చెప్పాను.

మార్చి 30

నాన్న పాఠాలు చెబుతున్నాడు. ముందు ముక్కు, తర్వాత నాలుక. వెనక వీధిలో పాత గోదాం గోడ తడిపి వాసన చూడమన్నాడు. చూస్తుంటే ఎదురింటావిడ అమ్మ దగ్గరికొచ్చి, "మీ వాడు గోడలు నాకుతున్నాడు వదినా, ఎవరికైనా చూపించండి" అందట. "వాళ్ళ నాన్నకే చూపిస్తున్నాం" అందట అమ్మ. గొడుగు తడిపి, మడిచి, మూడు రోజులు మంచం కింద పెట్టి తీశాం. పలక మీద ఉమ్మి తుడిచి వాసన చూశాను. ఇరవై రెండేళ్ళుగా నా ముఖం మీద ముక్కు ఉందని ఇప్పుడే తెలిసింది.

ఏప్రిల్ 6

చేదు నాలుక వెనక తెలుస్తుందట. అది పూర్తిగా తెలియాలంటే ఒక చుక్క గొంతు దిగాలట. దిగిన చుక్కని తాగినట్టు అనకూడదు. జారింది.

ఏప్రిల్ 9

మూడు చుక్కలు జారాయి.

ఏప్రిల్ 14

జారాయి.

ఏప్రిల్ 19

ఊళ్ళో బీరు మళ్ళీ దొరుకుతోంది. నా ముఖం చూసి నాన్న వరసగా అయిదు తొట్లకి పోనీ అన్నాడు. గ్లాసుల తాత, "వారం రోజులుగా బీరు భలే ఉంది బాబూ, మీ నాన్నది దేవుడిచ్చిన ముక్కు" అన్నాడు. ఏదో గర్వంలాంటిది వచ్చింది. వెంటనే అణిచాను. చరిత్ర నూట పది పేజీలైంది. 'నురుగు కింద నెత్తురు' శీర్షికని తాత్కాలికంగా 'నురుగు' చేశాను.

మే 4

ఏం రాయను? తప్పు నాదే. కాదు, గుమాస్తాది. కాదు, నాదే.

తొమ్మిదో తొట్టి. నోట్లో పోసుకోగానే తెలిసింది. తడి గోడ, సందేహం లేదు. ముఖం తిప్పి నాన్నకి చూపించబోయాను. అప్పుడే గుమాస్తా, ఆ సున్నం ముఖంతోనే, "బాబూ, తాగుడు మానండి అని మా ప్రహరీ మీద కాగితం అంటించింది మీరే కదూ? పొద్దున్నుంచి కూలీలు గీకుతున్నారు. పాపం మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు" అన్నాడు.

కూలీల అన్నం నా వల్ల పోయిందని నాతోనా! లేచాను. ఎనిమిది గంటల పని దినం గురించీ, మధ్యాహ్నపు విరామం శ్రామికుడి జన్మహక్కనీ, గోడలు ఎవరి చెమటతో లేచాయో దాని గురించీ, ఆరు పేజీల కరపత్రమంతా నిలబడి అప్పజెప్పాను. బల్ల మీద గుద్దితే రాగి పాత్ర దొర్లింది. నాన్న నా భుజం పట్టుకుని, "పోనీలేరా, పోనీ" అని కూర్చోబెట్టాడు.

గుమాస్తా రాసుకున్నాడు. గంట కొట్టాడు.

గంట ఎందుకు కొట్టాడో మా ఇద్దరికీ తట్టలేదు. నేనింకా విరామం దగ్గరే ఉన్నాను.

మే 6

సీసాలు ఊరంతా వెళ్ళిపోయాయి. నాన్న రిజిస్టరు తెరిచి చూసి, ఇదెవరు చెప్పారని అడిగాడట. "మీరే కదా మేస్త్రి గారూ. రెండుసార్లన్నారు. రెండుసార్లూ రాశాను." నిజంగానే రాశాడు. పోనీ, పోనీ.

గ్లాసుల తాత నన్ను చూసి గ్లాసు పక్కన పెట్టాడు. "నిన్నటి సీసా తాగితే చిన్నప్పుడు మేం అద్దెకున్న ఇల్లు గుర్తొచ్చింది బాబూ. వానొస్తే గోడలన్నీ చెమర్చేవి. మా అమ్మ కూడా గుర్తొచ్చింది. ఏడ్చాను. కానీ బీరు మాత్రం దరిద్రం."

మే 9

కొట్ల నుంచి సీసాలు బళ్ళ మీద తిరిగొచ్చాయి. ఫ్యాక్టరీ యజమానురాలు, అందరూ అమ్మగారనే ఆవిడ, నాన్నని పిలిపించారు. కేకలేయలేదట. అదే భయమన్నాడు నాన్న. "మేస్త్రి గారూ, ఊరికి మన మీద నమ్మకం పోయింది. వందేళ్ళ సభలో అందరి ముందూ అయిదు గ్లాసులు పెట్టిస్తాను. ఒకటి తిరిగొచ్చిన సీసాలోది. అదేదో మీరు చెప్పండి. ఊరు చూస్తుంది. తర్వాత మీకు సన్మానం."

నాన్న ఇంటికొచ్చి చెప్పులు విప్పడం మరిచిపోయి మంచం మీద కూర్చున్నాడు. అమ్మ, ఆయనతో రెండు నెలలుగా సరిగ్గా మాట్లాడని అమ్మ, వచ్చి చెప్పులు విప్పింది.

మే 27

నిర్ణయమైంది. పుస్తకం రాసినవాడిగా నన్ను ముందు వరసలో కూర్చోబెడతారు. అతిథులకీ అవే అయిదు గ్లాసులు, అదే వరసలో ఇస్తారు. నేను ముందు గుక్క వేయాలి. నాన్న నా ముఖం చూస్తాడు.

సన్మాన పత్రం మా ప్రెస్సులోనే అచ్చవుతోంది. ప్రూఫు నా చేతికే వచ్చింది. 'ఆయన ముక్కు మన నగరానికి గర్వకారణం.' ఒక్క అచ్చుతప్పు కూడా లేదు. దిద్దడానికేమీ దొరక్క పావుగంట దాని ముందే కూర్చున్నాను.

పేదవాడి పరువు కాపాడే అబద్ధం అబద్ధం కాదని ఏ కరపత్రంలోనైనా ఉందేమోనని పెట్టె అంతా వెతికాను. లేదు. చిరిగిపోయిన పేజీల్లో ఉండి ఉండాలి.

జూన్ 10

అంతా వరసగా రాస్తాను.

సభ ఫ్యాక్టరీ ఆవరణలో. మూడొందల మందుంటారు. నేను ముందు వరసలో, ఒళ్ళో నా పుస్తకం. చివరికి పేరు 'మన ఊరి బీరు' అని పెట్టాను. వేదిక మీద నాన్న, ఇస్త్రీ చొక్కా, ముందు అయిదు గ్లాసులు. అమ్మగారు నిలబడి అన్నీ వివరించారు. నాకూ ఒక పళ్ళెంలో అయిదు గ్లాసులొచ్చాయి. మొదటిది ఎత్తి ఒక గుక్క తాగాను. చక్కగా ఉంది. ముఖం చక్కగా పెట్టబోయాను.

"కార్యదర్శీ!"

అధ్యక్షుడు. పక్కన కోశాధికారి. ఇద్దరి చేతుల్లో 'తాగుడు మానండి' బ్యానరు. సభ జరిగే రోజున నిరసన తెలపాలని ఫిబ్రవరిలో నేనే తీర్మానం ప్రవేశపెట్టాను. ఎప్పుడో మరిచిపోయాను. వాళ్ళు మరిచిపోలేదు.

"నువ్వు తాగుతున్నావా?" అన్నాడు అధ్యక్షుడు.

"జారింది" అన్నాను.

"మింగావు! నేను చూశాను!"

"మింగాడు" అన్నాడు కోశాధికారి.

నేను రెండోది తాగాను, మూడోది తాగాను, నాలుగు, అయిదు. ఏదైతే అదయిందని గబగబా తాగాను. మూడోదే, ఖచ్చితంగా మూడోదే. కానీ ఆ ఇద్దరూ చూస్తుంటే నా ముఖం నా చేతిలో లేదు. అయిదింటికీ ఒకే ముఖం పడింది. ఇల్లు తగలబడుతున్నవాడి ముఖం.

పైన నాన్న నా వైపే చూస్తున్నాడు. గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆపాడు. ఆపి, కింద పెట్టాడు. నవ్వాడు. ఇంట్లో నవ్వే నవ్వు, సభలో ఎవరూ చూడనిది.

"అమ్మగారూ, నాకు వాసన తెలియదు. రెండేళ్ళయింది. మా వాడి ముఖం చూసి చెబుదామనుకున్నాను. ఆ ముఖం చూస్తే అయిదూ కాలవలో పోయాలి."

జనం నవ్వారు. తర్వాత ఆయన హాస్యమాడడం లేదని తెలిసి ఆగారు.

"మరి ఇన్నాళ్ళూ ఎవరు చెప్పారు?" అన్నారు అమ్మగారు.

"మొదట పీపాల మేస్త్రి ముఖం. తర్వాత వీడి ముఖం. మంచి తొట్లు పారబోయించిందీ, చెడ్డది బయటికి పోనిచ్చిందీ నేనే. వాడి తప్పేం లేదు. కానీ ఇప్పుడు వాడికి తెలుసమ్మా. వాడినడగండి. ముఖాన్ని వద్దు, నోటిని అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. లేచాను. మూడో గ్లాసు తీసుకుని మళ్ళీ ఒక గుక్క తాగాను. ఈసారి జారలేదు. తాగాను.

"మూడోది. తడి గోడ. పీపా లోపల చెమ్మ. అయిదోది కూడా కొంచెం అలిగింది, అది చెడ్డది కాదు, సీసా ముందే తెరిచి ఉంటారు."

అమ్మగారు గుమాస్తా వైపు చూశారు. "మూడోదే అమ్మగారూ" అన్నాడు గుమాస్తా. ఆగి, "అయిదోది నేనే తెరిచాను, పొద్దున. మూత ఎలా ఉందో చూద్దామని" అన్నాడు. ఆ ముఖం ఎర్రబడడం మొదటిసారి చూశాను.

చప్పట్లు పడ్డాయి. నాన్నకి కాదు, నాకు. అది బాగాలేదు. అమ్మగారు సన్మాన పత్రం చేతిలోకి తీసుకుని చదివి, నెమ్మదిగా మడిచారు. "మేస్త్రి గారూ, రెండేళ్ళు మమ్మల్ని మోసం చేశారు."

"చేశానమ్మా."

"ఇది మీకివ్వలేను."

"వద్దమ్మా. అందులో ఉన్న ముక్కు ఇప్పుడు లేదు."

ఆవిడ దిగివెళ్తూ నా దగ్గర ఆగి, "సోమవారం నుంచి నువ్వు రా" అన్నారు. మద్యం మీద నా అభిప్రాయాలు వేరని చెప్పాను. "అభిప్రాయాలు ఉమ్మెయ్యక్కర్లేదు, బీరు ఉమ్మితే చాలు" అన్నారు.

జూన్ 12

సంఘం అత్యవసర సమావేశం. ఎజెండా: కార్యదర్శి బహిష్కరణ. తీర్మానం రాసింది కార్యదర్శే, అంటే నేనే. వాళ్ళు రాస్తే అక్షర దోషాలుంటాయి. ఓటింగు పెట్టాం. అధ్యక్షుడు బహిష్కరించాలన్నాడు. కోశాధికారి జీవితంలో మొదటిసారి ఒప్పుకోలేదు. "పాపం, వాళ్ళ నాన్న కోసం కదా బావా" అన్నాడు. ఒకటికి ఒకటి. నిర్ణాయక ఓటు నాది.

నియమం నియమమే. నన్ను నేను బహిష్కరించుకున్నాను. అధ్యక్షుడు కౌగిలించుకుని, "నీలాంటి కార్యదర్శి మళ్ళీ దొరకడు" అన్నాడు.

జూన్ 14

నాన్న ఇంట్లోనే ఉన్నాడు. మూడు రోజులుగా కిటికీ దగ్గర కుర్చీ. అమ్మ కూర చేసి ఎలా ఉందని అడిగితే, "నువ్వే చెప్పు" అంటాడు. అమ్మ చెబుతుంది. ఉప్పు సరిపోయింది, కొంచెం మాడింది, అడుగున. నిజమే చెబుతుంది. ఆయన తల ఊపి తింటాడు. కుర్చీలోంచి మాత్రం లేవడు. వీధిలో ఎవరైనా మేస్త్రి గారూ అని పిలిస్తే తలుపు దగ్గరికి నన్ను పంపుతాడు.

జూన్ 15

మొదటి రోజు పని. గుమాస్తా కుర్చీ తెచ్చి వేశాడు. ఆ కుర్చీ నాన్నది. కూర్చోలేక నిలబడే చేశాను. ఒక తొట్టికి పోనీ అన్నాను, గట్టిగా, స్పష్టంగా, వేరే మాటేమీ కలపకుండా. రెండోది తేలలేదు. తడి గోడ కాదు, గొడుగు కాదు, అరవై పేర్లలో ఏదీ కాదు. వాయిదా వేసి ఇంటికొచ్చాను.

నాన్న కిటికీ దగ్గరే ఉన్నాడు. కాళ్ళు కడుక్కోకుండానే పక్కన కూర్చుని చెప్పాను. ముందు మామూలుగానే ఉంది నాన్నా, చేదు వచ్చింది, దిగింది. తర్వాత నాలుక మీద ఏదో మిగిలింది. తీపి కాదు, పులుపు కాదు. బియ్యం కడిగి మరిచిపోయిన గిన్నె ఉంటుంది చూడు, పొద్దుటిది సాయంత్రానికి, అలాగ.

"ముందే వచ్చిందా, చివర్లోనా?"

"చివర్లో."

"ముక్కుకి తగిలిందా, నాలుకకేనా?"

"నాలుకకే. ముక్కుకి ఏమీ లేదు."

కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కొంచెం కదిలాయి, ఏదో పుక్కిలిస్తున్నట్టు. నేను చెప్పింది మొత్తం ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. అప్పుడు కళ్ళు తెరిచి కుర్చీలోంచి లేచాడు.

"తొట్టిలో తప్పు లేదురా. దానికి నీళ్ళు వెళ్ళే గొట్టం వంపు దగ్గర కడగలేదు వాళ్ళు. బద్ధకిస్తారు, చెయ్యి సులువుగా పట్టదు అక్కడ. రేపు నువ్వే చెయ్యి పెట్టి చూడు."

జూన్ 16

చెయ్యి పెట్టి చూశాను. కడగలేదు.